బాగే ఆమ్‌లో మన చోటెక్కడ?

హనుమకొండలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న తోటను అందరూ పబ్లిక్ గార్డెన్ అనే అంటారు. హైదరాబాదులో నాంపల్లి పక్కనున్న పెద్ద తోట పేరూ అదే. దానికి పాతపేరు బాగే ఆమ్. ఉర్దూలో 'ఖాస్' అంటే కొందరిది, 'ఆమ్' అంటే అందరిది. రాజు కొద్దిమందితో మంతనాలాడేది దీవానే ఖాస్, జనం గోడు వినేది దీవానే ఆమ్. అలాగే అందరిదీ అయిన తోట బాగే ఆమ్. ఎంత బాగుంది ఈ మాట! కానీ ఈ 'అందరూ' అన్నదాంట్లో మనం ఉన్నామా? ఉంటే ఎప్పట్నుంచి ఉన్నాం? ఏ షరతుల మీద ఉన్నాం?

నేను ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్తాను. పట్టణాల చరిత్ర పాఠం వచ్చినప్పుడల్లా మా పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతుంటాను. "మీలో ఎంతమంది పార్కులో ఒక్కరే, ఏ పనీ లేకుండా, అరగంట కూర్చున్నారు?" చేతులు లేవవు. స్నేహితురాళ్ళతో వెళ్ళినవాళ్ళుంటారు. తమ్ముణ్ణి ఆడించడానికి వెళ్ళినవాళ్ళుంటారు. పోటీ పరీక్షల పుస్తకం పట్టుకుని వెళ్ళినవాళ్ళూ ఉంటారు. ఊరికే కూర్చోడానికి వెళ్ళినవాళ్ళు మాత్రం ఉండరు. "ఊరికె ఎందుకు కూసుంటం మేడమ్, పిచ్చోళ్ళం అనుకోరా?" అందొకమ్మాయి. క్లాసంతా నవ్వింది. నవ్వు అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దానికి ఒక చరిత్ర ఉందని నాకనిపిస్తుంది. దాన్ని వెతుక్కుంటూ పోతే అది ఇంగ్లండు దాకా తీసికెళ్ళింది.

ప్రజల కోసం ప్రభుత్వమో పురపాలక సంఘమో తోట వేసి ఇవ్వాలన్న ఆలోచన పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో గట్టిపడింది. మిల్లులొచ్చాయి. పల్లెల నుంచి వచ్చిన జనం ఇరుకు వీధుల్లో, పొగలో, మురుగులో బతుకుతున్నారు. ఉమ్మడి భూములకు కంచెలు పడ్డాయి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఒకటి, జనం నడవడానికి చోట్లు లేవని నివేదిక ఇచ్చింది. 1840లో డెర్బీ పట్టణంలో అర్బొరీటమ్, 1845లో లండన్ తూర్పు భాగంలో విక్టోరియా పార్కు, 1847లో బర్కెన్‌హెడ్ పార్కు వచ్చాయి. వంపులు తిరిగే దారులు, కొలను, బ్యాండు మేళం వాయించే మండపం, గడులు గడులుగా పూలమళ్ళు, చుట్టూ ఇనప కమ్మీలు, వేళకు తెరిచి వేళకు మూసే గేట్లు. మన ఊళ్ళల్లో పార్కు అనగానే కళ్ళముందు మెదిలే బొమ్మ అప్పుడు తయారైందే.

ఈ తోటలు దయతో మాత్రమే వేసినవి కావు. కార్మికుడు సారా దుకాణానికి పోకుండా ఉండాలి, సభలు పెట్టి ఓటుహక్కు అడక్కుండా ఉండాలి, పెద్దమనుషుల నడవడి చూసి నేర్చుకోవాలి అన్నది వీటి వెనకున్న లెక్క. ఆ 1833 నివేదికలో నన్ను ఆపేసిన వాదన ఒకటుంది. కార్మికుడు కుటుంబంతో కలిసి నలుగురిలో నడిస్తే, తనూ తన భార్యాపిల్లలూ మంచి బట్టల్లో కనబడాలని కోరుకుంటాడట. ఆ కోరికే అతన్ని కష్టపడి పనిచేయిస్తుందట. అంటే ఆధునిక పార్కు పుట్టుకలోనే స్త్రీకి ఒక చోటు కేటాయించారు. ఆమె అక్కడికి నడవడానికి రాదు, చూడబడడానికి వస్తుంది. తన భర్త మర్యాదస్తుడనడానికి ఆమె బట్టలు సాక్ష్యం. ఒంటరిగా వచ్చిన స్త్రీ ఎవరికి సాక్ష్యం? అందుకే ఆమె వెంటనే అనుమానాస్పదమైపోతుంది. ఇంగ్లండు పార్కుల్లో ఒంటరి కార్మిక స్త్రీని వేశ్యగా లెక్కగట్టిన చూపు, ఇవాళ మన పార్కులో బెంచీ మీద ఒక్కతే కూర్చున్న అమ్మాయిని "ఎవలి కోసం చూస్తున్నవ్?" అని అడిగే చూపు దాయాదులే.

ఈ తోట మన తీరానికి మద్రాసు మీదుగా వచ్చింది. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెలియన్ మద్రాసులో పీపుల్స్ పార్కు వేయించాడు. నూరెకరాలు దాటిన తోట. ఈ ట్రెవెలియన్ ఎవరో కూడా చెప్పుకోవాలి. 1840ల్లో ఐర్లండులో ఆలుగడ్డ పంట పోయి లక్షలమంది ఆకలితో చచ్చిపోతుంటే, లండన్ ఖజానాలో కూర్చుని సహాయానికి గీత గీసిన అధికారి ఆయనే. ఆకలికి అన్నం పెడితే జనం సోమరులవుతారని నమ్మినవాడు, జనానికి తోట ఇస్తే మర్యాదస్తులవుతారని నమ్మాడు. ఈ రెండు నమ్మకాల మధ్య వైరుధ్యం లేదు. రెండింటిలోనూ జనం అంటే తీర్చిదిద్దవలసిన వాళ్ళే.

ఆ పార్కును తర్వాత ముక్కలు ముక్కలుగా కోసుకుపోయారు. జంతు ప్రదర్శనశాల వచ్చింది. 1886లో టౌన్‌హాలుకు తొంభై తొమ్మిదేళ్ళ లీజుకిచ్చారు. దానికి 1883లోనే విజయనగరం మహారాజా ఆనంద గజపతి శంకుస్థాపన చేశాడు. రాణిగారి స్వర్ణోత్సవం పేరుమీద అది విక్టోరియా పబ్లిక్ హాలైంది. 1900లో మూర్ మార్కెట్, 1913లో కార్పొరేషన్ వాళ్ళ రిప్పన్ బిల్డింగ్, ఆ తర్వాత స్టేడియం. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయింది, ఆ ఏడే జంతువులు వండలూరు వెళ్ళిపోయాయి. ఇవన్నీ పోగా పచ్చగా మిగిలిన తునక పేరు మై లేడీస్ గార్డెన్. దొరసానిగారి తోట అన్నమాట! నూరెకరాల 'ప్రజల' తోట పోయి, చివరికి ఒక స్త్రీ పేరుమీద చిన్న తోట మిగిలింది. ఆ పేరులో ఉన్న స్త్రీ కూడా ఎవరి భార్యగానో మాత్రమే స్త్రీ.

అదే మద్రాసులో, ఆ పీపుల్స్ పార్కు బతికున్న రోజుల్లోనే, ఇంకో తోట పుట్టింది. కాగితం మీద. 1905లో 'ఇండియన్ లేడీస్ మేగజైన్'లో రొకియా సఖావత్ హుసేన్ రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' కథ అచ్చయింది. రొకియా బెంగాలీ ముస్లిం స్త్రీ. ఆ పత్రికను 1901 నుంచీ మద్రాసులో నడిపింది రాజమండ్రిలో పుట్టిన మన కమలా సత్యనాథన్. ఆ కథలో సుల్తానా కలగంటుంది. కలలో ఆడవాళ్ళ రాజ్యం. మగవాళ్ళు మర్దానాలో, అంటే లోపలి గదుల్లో, ఇంటిపని చేసుకుంటూ ఉంటారు. ఆడవాళ్ళు వీధుల్లో తిరుగుతుంటారు. ఊరు ఊరంతా తోటలా ఉంటుంది. కాలికింద మెత్తగా నాచూ పూలూ. పర్దా లేకుండా నడవడానికి సుల్తానా సిగ్గుపడుతుంటే, దారినపోయే ఆడవాళ్ళు ఆమె మగవాళ్ళలా బెదురుతోందని నవ్వుతారు.

ఈ కథను మనం సైన్సు కథగానో వ్యంగ్యంగానో చదువుతుంటాం. నాకది తోటల చరిత్రలో ఒక పత్రం. కమిటీలు, గవర్నర్లు, నిజాములు తోటలు వేసిన కాలంలో ఒక స్త్రీ తనకెలాంటి తోట కావాలో రాసిన దస్తావేజు. ఆమె ఆడవాళ్ళకు ప్రత్యేకంగా గోడకట్టిన జనానా తోట అడగలేదు. అలాంటివి అప్పటికి మన దేశానికి కొత్తకావు. ఢిల్లీ దర్యాగంజ్‌లో పర్దా బాగ్ అనే పేరు ఇప్పటికీ వినబడుతుంది. రొకియా గోడ తీసేసింది. గోడలోపల ఉండవలసిందెవరన్న లెక్కను తిరగేసింది. ఒక అచ్చు పత్రిక పేజీల్లో తప్ప ఇంకెక్కడా ఆ తోట వేయడానికి అప్పుడు స్థలం లేదు. ఆ స్థలమిచ్చింది ఒక తెలుగు స్త్రీ సంపాదకత్వం. మన పత్రికలు మనకెందుకు కావాలో ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెప్తాను.

అంతకు కొంచెం ముందే, 1902లో, భండారు అచ్చమాంబ మచిలీపట్నంలో స్త్రీల సమాజం పెట్టినప్పుడు దానికి బృందావనం అని పేరు పెట్టడం కూడా ఊరికే జరిగిందనుకోను. భక్తి అర్థం ఎలాగూ ఉంది. కానీ బృందావనమంటే ఇంటి వాకిలి దాటి స్త్రీలు గుంపుగా వెళ్ళే తోట. గురజనుల అనుమతి అడక్కుండా వెళ్ళే తోట. పురాణంలో దొరికిన ఆ ఒక్క వెసులుబాటును ఆ తరం స్త్రీలు తమ సమాజానికి పేరుగా తగిలించుకున్నారు.

ఇక మన బాగే ఆమ్ సంగతి. 1846లో నిజాం పాలనలో వేసిన తోటగా దాన్ని చెప్తారు. ప్రహరీ లోపలి పాత నగరానికి, మూసీకి ఇవతల, అప్పట్లో ఖాళీగా ఉన్న చోటు. నిజాముల తోటల్లో మొఘలు పద్ధతి నీటి కాలవలుండేవి, ఇంగ్లీషు పద్ధతి పచ్చిక బయళ్ళూ వచ్చి చేరాయి. మద్రాసు తోటకు పట్టిన గతే దీనికీ కొంత పట్టింది. 1905లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు పేరుమీద జనం చందాలతో టౌన్‌హాలు మొదలుపెట్టారు. 1913కి అది పూర్తయ్యేనాటికి ఆయన లేడు. అదే కాలంలో జూబ్లీ హాలు లేచింది. 1930లో హైదరాబాద్ మ్యూజియం తెరిచారు. రాజవంశం వాళ్ళ మసీదు వచ్చింది. జంతువులుండేవి, 1963లో నెహ్రూ జూపార్కుకు వెళ్ళాయి. పిల్లలకు జవహర్ బాలభవన్, కళలకు లలిత కళాతోరణం. ఒక్కొక్కటి విడిగా చూస్తే మంచివే. కలిపి చూస్తే ఒకటర్థమవుతుంది. ప్రభుత్వాల దృష్టిలో పార్కు అంటే కట్టడానికి ఇంకా మిగిలిన జాగా. ఊరికే ఖాళీగా ఉన్న నేల అంటే వాళ్ళకు నచ్చదు, ఊరికే కూర్చున్న ఆడది నచ్చనట్టే.

ఈ తోటలో ఎక్కువమంది చూసిన స్త్రీ ఎవరో తెలుసా? మ్యూజియంలో అద్దాల పెట్టెలో పడుకున్న ఈజిప్టు మమ్మీ. రెండువేల అయిదువందల ఏళ్ళ కిందటి యువతి, పేరు నైషు అంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో వెయ్యి పౌన్లకు కొని తెచ్చాడు. ఏడో నిజాం చేతికొచ్చి అక్కణ్ణుంచి మ్యూజియానికి చేరింది. 2016లో ఆమెను పరీక్ష చేయించి, శిథిలం కాకుండా కొత్త పెట్టె ఏర్పాటు చేశారు. నేనేటా పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తాను. కొనబడి, చేతులు మారి, కట్లు విప్పబడకుండా, చూడబడడానికే ఉన్న ఒక స్త్రీ. పునరుద్ధరణ అనే మాట ఈ తోటలో ఆమె విషయంలో ఎంత శ్రద్ధగా అమలైందో, బయట గడ్డి పీకే స్త్రీకి ఒక నీడ, ఒక మరుగుదొడ్డి విషయంలో అంత శ్రద్ధగా అమలైతే ఎంత బాగుండును!

అయితే ఇదే తోటలోకి మరో దారిన వచ్చిన స్త్రీలూ ఉన్నారు. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి మొదటిసారి వయోజన ఓటుతో శాసనసభ ఏర్పడ్డప్పుడు అది కూర్చున్నది ఆ టౌన్‌హాల్లోనే. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి గెలిచి వచ్చింది. సాయుధ పోరాటంలో పనిచేసి, అజ్ఞాతం, జైలు చూసి వచ్చిన మనిషి. శాలిబండ నుంచి మాసూమా బేగం, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి వచ్చారు. ఒకరు కమ్యూనిస్టు, ఇద్దరు కాంగ్రెస్. ఒకరికొకరు రాజకీయంగా పడరు. కానీ నిజాం పుట్టినరోజు కానుకగా లేచిన భవనంలోకి, బాగే ఆమ్ నడిమధ్యకు, ఎవరి భార్యగానూ కాకుండా ఓట్లు వేయించుకుని నడిచొచ్చారు. మా వరంగల్ నుంచి హైదరాబాదు పోయే రైలు ఆలేరు మీదుగానే పోతుంది. ఆ స్టేషన్ దాటినప్పుడల్లా ఈ సంగతి పిల్లలకు చెప్తాను. తోటలో విగ్రహాలు లెక్కపెట్టే చరిత్రలో ఈ నడక ఎక్కడా ఉండదు.

పోరాటంలో పనిచేసిన స్త్రీల జీవితాలను వాళ్ళ నోటితోనే వినాలని 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. ఆ పద్ధతి తోటలకూ వర్తిస్తుంది. ఎవరు వేయించారు, ఎంత ఖర్చయింది అన్నవి ఫైళ్ళలో దొరుకుతాయి. ఎవరు నీళ్ళు మోశారు, ఎవరు కలుపు తీశారు అన్నది మనుషుల దగ్గరే దొరుకుతుంది. హనుమకొండ తోటలో పనిచేసే ఒకమ్మతో అప్పుడప్పుడు మాట్లాడుతుంటాను. రోజుకూలీ మీద ఏళ్ళ తరబడి చేస్తోంది. "ఇన్నేండ్లల్ల ఈ బెంచీ మీద ఎన్నడన్న కూసున్నవా అక్కా?" అనడిగాను. "నాకు గేటు తీసేది గడ్డి పీకెతందుకు గని కూసునెతందుకా? కూసుంటే సూపర్వైజర్ సూత్తడు" అంది. కాసేపాగి, "పైసలు తీసుకొని కూసుంటర అని వాకింగుకొచ్చెటోళ్ళు గూడ అంటరు" అని కూడా అంది. మనలో వాకింగుకు వెళ్ళేవాళ్ళం చాలామందిమి. ఆమె మాటలోని రెండో సగం మనకోసమే. స్త్రీలందరికీ ఒకే గేటు లేదు. ఉద్యోగం, కులం, బట్ట చూసి తోట ఒక్కొక్కరిని ఒక్కోలా లోపలికి రానిస్తుంది.

వాకింగు సంగతీ చూద్దాం. పొద్దున్నే ట్రాక్ మీద నలభై దాటిన ఆడవాళ్ళు చీరలమీద బూట్లు వేసుకుని గబగబా నడుస్తుంటారు. నాకు ఆ దృశ్యం ఇష్టం. కానీ అడిగి చూడండి. "షుగరొచ్చింది, డాక్టర్ నడవమన్నాడు" అంటారు. మగవాడు పార్కుకు రావడానికి కారణం చెప్పక్కర్లేదు. స్త్రీకి మాత్రం జబ్బైనా ఉండాలి, బిడ్డైనా ఉండాలి. ముంబైలో పరిశోధన చేసి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే 2011లో 'వై లాయిటర్?' పుస్తకం రాశారు. స్త్రీలు బయట కనబడాలంటే ఏదో పనిమీద వచ్చినట్టు కనబడాల్సి వస్తోందనీ, పని లేకుండా తిరిగే హక్కే అసలైన పౌరహక్కనీ వాళ్ళ వాదన. వాళ్ళు భద్రత కంటే హక్కు మాట ముందు పెట్టడం నాకు ముఖ్యంగా తోస్తుంది. ఎందుకంటే భద్రత పేరుతో మనకెప్పుడూ దొరికేది తాళమే.

ఈ మాట వరంగల్లో కూర్చుని తేలిగ్గా అనడం లేదు. 2008 డిసెంబరులో ఇక్కడే ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఆ తర్వాత ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళల్లో ఆడపిల్లల బయటి గంటలు తగ్గాయో చూసినవాళ్ళం మనం. దాడి చేసేవాళ్ళ గంటలు మాత్రం తగ్గలేదు. 2021 ఆగస్టులో హైదరాబాదు ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. జనం అడిగితే తీసేశారు. బోర్డు పోయింది గానీ ఆ బోర్డు రాయించిన బుర్ర పోయిందా? 1833 నాటి లెక్కే అది. పార్కులోకి కుటుంబం రావచ్చు, స్త్రీ కుటుంబంగానే రావచ్చు.

మన ప్రాంతానికి ఆడవాళ్ళు తోటను తామే తయారుచేసుకునే పద్ధతి ఒకటుంది. బతుకమ్మ. విక్టోరియన్ పూలమడిలో చోటు దొరికేది క్రోటన్లకూ, కెన్నాలకూ, వరస తప్పని రంగులకూ. గునుగు, తంగేడు అక్కడ కలుపు మొక్కలు. అదే గునుగూ తంగేడూ ఏరుకొచ్చి, తాంబాళంలో పేర్చి, పెత్రమాస నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూలతో మొదలుపెట్టి, సద్దుల నాటికి పద్మాక్షి గుట్ట కింద చెరువు దగ్గర వేలమంది ఆడవాళ్ళు చేరతారు. ఆ రాత్రి అక్కడ ఆడవాళ్ళెందుకు ఉన్నారని ఎవరూ అడగరు. తొమ్మిది రోజుల పాటు ఊరు రొకియా కలకు కొంచెం దగ్గరగా జరుగుతుంది. దీన్ని మరీ అందంగా చెప్పుకోవడం కూడా ప్రమాదమే. చాలా ఊళ్ళలో దళితవాడ బతుకమ్మ వేరుగానే ఆడేవారు. పండుగ ఇచ్చిన అనుమతి పండుగతోనే అయిపోతుంది. అయినా ఒక విషయం రుజువవుతుంది. వేలమంది ఆడవాళ్ళు ఒకచోట ఉంటే ఆ చోటు దానంతటదే భద్రమవుతుంది. గోడ, గేటు, కాపలా వల్ల కాని పని మన సంఖ్య వల్ల అవుతుంది.

ఇప్పుడు పునరుద్ధరణల కాలం నడుస్తోంది. 2015లో కేంద్ర ప్రభుత్వం 'హృదయ్' పథకానికి ఎంచుకున్న పన్నెండు వారసత్వ నగరాల్లో వరంగల్ ఒకటి. భద్రకాళి చెరువు కట్టను ఆ పథకం కిందే నడకదారిగా, తోటగా తీర్చారు. 2016లో స్మార్ట్ సిటీ జాబితాలో చేరాం. చెన్నైలో విక్టోరియా హాలు బాగుచేశారు. హైదరాబాదులో పాత అసెంబ్లీ భవనం పునరుద్ధరణ మొదలైంది. రాళ్ళు, సున్నం, కిటికీలు పాతరూపానికి తెస్తున్నారు. మంచిదే. పాత కట్టడాలు కూలిపోవాలని నేను కోరుకోను.

కానీ పునరుద్ధరణ అంటే ఒక సంవత్సరాన్ని ఎంచుకోవడం. ఏ సంవత్సరపు తోటను తిరిగి తేవాలి? 1846 తోటనా? 1913 తోటనా? అందులో పచ్చిక ఎంత అందంగా ఉన్నా మన తాతమ్మలకు ఎన్ని అడుగుల నేల ఉండిందో ఊహించుకోండి. బొమ్మల్లో కనబడే ఆ అందమైన తోటలో గేటు బయట ఉన్నదెవరు? కట్టడానికి 'అసలు రూపం' ఉంటుంది. 'అందరిది' అనే మాటకు అసలు రూపం వెనక్కెళ్తే దొరకదు, ఎందుకంటే అదింకా జరగలేదు. ఇనప కమ్మీలను పాత నమూనాలో మళ్ళీ పోతపోయడం తేలిక. ఆ కమ్మీలు ఎవరిని ఆపడానికి పుట్టాయో కూడా పక్కన రాసిపెడతారా?

కాబట్టి మన తోటలు బాగుచేస్తామని వచ్చినవాళ్ళను మనం అడగవలసినవి పూల రంగులు కావు. స్త్రీల మరుగుదొడ్డి ఉందా, తాళం ఎవరి దగ్గరుంది? చీకటిపడ్డాక దీపాలు దారిమీద పడతాయా, విగ్రహాల మీద పడతాయా? గోడ బయటివాళ్ళకు లోపల కనబడేంత తక్కువ ఎత్తులో ఉందా? టికెట్టు పెడితే బట్టల షాపుల్లో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయి ఆ పది రూపాయలు పెట్టి లోపలికొస్తుందా? గడ్డి పీకే అక్కకు కనీస వేతనం, కూర్చునే వేళ, ఆమె పేరు రాసిన మస్టరు ఉన్నాయా? బుర్ఖా వేసుకున్నామెను, హాస్టలు పిల్లను, ట్రాన్స్ స్త్రీని గేటు దగ్గర ఒకే రకంగా చూస్తారా? మాస్టర్ ప్లానుల మీద అభ్యంతరాలు చెప్పే గడువు ప్రకటన పేపర్లో చిన్న అక్షరాల్లో వస్తుంది. దాన్ని చదివి రాతపూర్వకంగా అడిగేవాళ్ళలో మనం ఎంతమందిమి?

రాసేవాళ్ళం, చదువు చెప్పేవాళ్ళం మనం. మనకు ఇంకొక పని కూడా ఉంది. ప్రతి ఊళ్ళో పాత పార్కు ఉంది, దాని పక్కన దాన్ని చూసిన ముసలమ్మలున్నారు. ఏ వయసులో వాళ్ళు మొదటిసారి లోపలికెళ్ళారు, ఎవరితో వెళ్ళారు, ఎప్పుడు ఆపేశారు అని అడిగి రాసుకోవాలి. ఆ జవాబులన్నీ ఒకచోట పెడితే బాగే ఆమ్‌కు అసలు చరిత్ర తయారవుతుంది. 'ఆమ్' అన్న ఆ రెండక్షరాలు ఇచ్చిన మాట నూట డెబ్భై ఏళ్ళు దాటినా బాకీగానే ఉంది. కట్టడాల్ని కాపాడే శాఖలు ఆ బాకీని వసూలు చేయవు. దాని పత్రాలు మన దగ్గరే ఉన్నాయి, వసూలు చేసుకోవలసిందీ మనమే.